లెక్కల మనిషి చదివిన అంగారకుడి నవల



మాది తిరుత్తణి అనగానే అవతలివాళ్ళు రెండు ప్రశ్నలు వేస్తారు. కొండకి 365 మెట్లున్న మాట నిజమేనా అన్నది మొదటిది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టింది అక్కడేగదా అన్నది రెండోది. రెండూ నిజమే. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఏం చదువుకుంటారు అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రేడియోలో ఇవాళ నాకు కాస్త సమయం దొరికింది కాబట్టి, అడక్కపోయినా చెబుతాను.

నేను నిజం పుస్తకాలు చదివే మనిషిని. ఆత్మకథలు, యాత్రలు, చరిత్ర, సైన్సు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ', ఉప్పల లక్ష్మణరావు గారి 'బతుకు పుస్తకం', మహీధర నళినీమోహన్ గారి సైన్సు పుస్తకాలు మా అలమరలో ముందు వరసలో ఉంటాయి. ఉద్యోగమేమో తిరువళ్ళూరులో, జమాఖర్చుల దగ్గర. పొద్దున తిరుత్తణిలో లోకల్ రైలెక్కితే అరక్కోణం, తిరువాలంగాడు, కడంబత్తూరు మీదుగా తిరువళ్ళూరు చేరేదాకా చదువే. సాయంత్రం మళ్ళీ అంతే. అన్నేళ్ళ రైలు చదువులో నవలలకి చోటు ఇచ్చింది తక్కువ. నా అభ్యంతరం ఒక్కటే. నవలలో లెక్క చూసేవాడుండడు. కథానాయకుడు జేబులో పది రూపాయలతో హోటల్లోకి వెళ్ళి, ముప్పై రూపాయల భోజనం చేసి, మూతి తుడుచుకుని బయటికొస్తాడు. ఆ ఇరవై ఎవరిచ్చారని రచయితని అడిగే ఆడిటరు లేడు. ఇక సైన్సు ఫిక్షన్ అంటే మరీను. కాంతి కన్నా వేగంగా పోయే ఓడ ఒకటి ఉందని ఒక్క వాక్యం రాసేసి, నక్షత్రాల మధ్య షికార్లు చేయిస్తారు. ఆ ఓడలో వాడే నూనె ఏమిటో, ఎన్ని పీపాలు కావాలో చెప్పరు.

మా అక్క కూతురు ఇంజనీరింగు చదివింది. ఒక ఆదివారం ఇంటికొచ్చి, లావుపాటి ఇంగ్లీషు నవల ఒకటి నా ముందు పెట్టి, "దీన్ని చదువు మామా. ఇందులో వాడు కూడా నీ మాదిరే, పొద్దస్తమానం లెక్కలేసుకుంటా ఉంటాడు" అనింది. వెక్కిరింతో, మెచ్చుకోలో తేల్చుకోలేక పుస్తకం తీసుకున్నాను.

ఆ నవల పేరు 'ది మార్షియన్'. రాసినాయన ఆండీ వీర్, అప్పట్లో అమెరికాలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగి. 2015లో దీన్ని రిడ్లీ స్కాట్ సినిమాగా తీశారు, మీలో కొందరు చూసే ఉంటారు. సినిమా సంగతి వదిలేద్దాం. పుస్తకంలో ఉన్నంత లెక్క సినిమాలో పట్టదు.

కథ చాలామందికి తెలిసిందే. అంగారక గ్రహం మీదికి ఆరుగురు వెళతారు. దిగిన ఆరో రోజున పెద్ద గాలిదుమారం. పని ఆపి తిరిగొచ్చెయ్యమని భూమి నుంచి ఆజ్ఞ. ఓడ ఎక్కబోతుండగా ఒక యాంటెన్నా విరిగొచ్చి మార్క్ వాట్నీ అనే అతనికి గుచ్చుకుంటుంది. చనిపోయాడనుకుని మిగతా అయిదుగురూ అతన్ని వదిలేసి బయల్దేరతారు. అతను చావలేదు. మెలకువ వచ్చి చూస్తే ఆ గ్రహం మొత్తానికీ తానొక్కడే మనిషి. చదివింది వృక్షశాస్త్రం, పైగా మెకానికల్ ఇంజనీరు. భూమితో మాట్లాడే సాధనం లేదు. తర్వాతి బృందం అక్కడికి వచ్చేది నాలుగేళ్ళకి.

ఇంతవరకూ ఏ నవలైనా చేసే పనే. ఆ తర్వాత వాట్నీ ఏం చేస్తాడు? ఏడవడు, దేవుణ్ణి తలుచుకోడు, ఇంట్లోవాళ్ళ ఫొటో తీసి చూసుకోడు. స్టాకు లెక్కపెడతాడు. ఆరుగురికి 50 రోజులకు సరిపోయే తిండి మిగిలింది. ఒక్కడే కాబట్టి 300 రోజులు. కొంచెం కొంచెంగా తింటే ఇంకో వంద రోజులు సాగుతుంది. కావలసింది నాలుగేళ్ళకి. తేడా ఎక్కణ్ణుంచి తేవాలి?

ఆ పేజీలోనే నేను దొరికిపోయాను. తేడా ఎక్కణ్ణుంచి తేవాలన్న ప్రశ్న నాకు జీతమిచ్చిన ప్రశ్న.

పండగ నాడు వండుకోమని భూమి నుంచి పంపిన పచ్చి ఉర్లగడ్డలు కొన్ని అతని సామాన్లలో ఉంటాయి. వాటిని ముక్కలు చేసి నాటి, పంట తియ్యాలని నిర్ణయిస్తాడు. రోజుకి 1500 కేలరీలు లక్ష్యం. అక్కడ పుస్తకం మూసి పెన్సిలు తీశాను. వంద గ్రాముల ఉర్లగడ్డలో సుమారు 77 కేలరీలుంటాయి. అంటే 1500 కేలరీలకి రోజుకి దగ్గర దగ్గర రెండు కిలోలు తినాలి. ఏడాదికి 730 కిలోలు, అంటే ఏడు క్వింటాళ్ళ పైమాట. ఒక్క మనిషికి! మా తిరుత్తణి మార్కెట్లో కూరగాయల అంగడివాడు కూడా ఒకేసారి అంత దింపుకోడు. దాన్ని ఒక గుడారంలో పండించాలి, ఎరువు మనిషి మలమే, మట్టి అక్కడి ఎర్రమట్టే. లెక్క వేసుకున్నాక భయం వేసింది. కథానాయకుడి కోసం భయపడటం నాకు అలవాటు లేదు.

తర్వాత నీళ్ళు. మట్టి తడవాలంటే వందల లీటర్లు కావాలి, అక్కడ చెరువూ లేదు, బోరూ లేదు. దిగిన వాహనంలో రాకెట్ ఇంధనం మిగిలింది, దాని పేరు హైడ్రజీన్. నత్రజని, ఉదజని కలిసిన ద్రవం, పరమ విషం. దాన్ని ఇరీడియం అనే లోహం మీదుగా పోనిస్తే రెండుగా విడిపోతుంది. ఆ ఉదజనిని ఆక్సిజన్‌తో మండిస్తే వచ్చేది నీళ్ళు. హైస్కూలు కెమిస్ట్రీయే. 32 గ్రాముల హైడ్రజీన్ నుంచి 36 గ్రాముల నీళ్ళు వస్తాయి. ఎక్కువగా వచ్చే బరువంతా ఆక్సిజన్‌ది. కాగితం మీద చూస్తే చాలా లాభసాటి బేరం. కాని మండించేది ఉన్న ఒక్క ఇంట్లో, ఉన్న ఒక్క గాలిలో. వాట్నీ అన్నీ సరిగ్గానే చేస్తాడు, ఒక్కటి మరిచిపోతాడు. తాను పీల్చిన ఆక్సిజన్ అంతా ఒంట్లోకి పోదు. ఊపిరి వదిలినప్పుడు కొంత బయటికి వస్తుంది. ఆ కొంచెం చాలు, ఇల్లు పేలడానికి.

ఈ సంగతి నాకు తెలుసు. మనం వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుందనీ, అందుకే నోటితో గాలి ఊది మనిషిని బతికించవచ్చనీ ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఆ పుస్తకాల్లో అదొక సమాచారం. ఈ నవలలో అదే సమాచారం ఒక మనిషిని గోడకేసి కొట్టింది. నిజం పుస్తకంలో నిజాలు తీరిగ్గా ఉంటాయి, ఎప్పుడు చదివినా వాటికేం నష్టం లేదు. ఇక్కడ వాటికి గడువుంది. ఫలానా సంగతి ఫలానా రోజు లోపల గుర్తుకు రాకపోతే మనిషి చచ్చిపోతాడు.

అందుకే ఇది పరుగెత్తే నవల. వేగం అంటే కార్లు తరుముకోవడం, తుపాకులు పేలడం అనుకుంటాం. దీన్ని పరుగెత్తించేది తీసివేత. ఇంత తిండిలోంచి ఇవాళ ఇంత పోయింది, ఇంత కరెంటులోంచి ఇంత పోయింది, ఇన్ని రోజుల్లోంచి ఒక రోజు పోయింది. ఆ రోజు కూడా మన రోజు కాదు, 24 గంటల 39 నిమిషాలు. ప్రతి పేజీ చివరా నిల్వ తగ్గుతూ ఉంటే, తర్వాతి పేజీ తిప్పకుండా ఎవరుంటారు? లెక్క రానివాళ్ళు కూడా తిప్పుతారు, వచ్చినవాళ్ళు ఇంకొంచెం వేగంగా తిప్పుతారు.

ఇంకొక ఘట్టం చెప్పి ముందుకు పోతాను. 1997 జులై 4న పాత్‌ఫైండర్ అనే అమెరికా నౌక నిజంగానే అంగారకుడి మీద దిగింది, కొన్ని నెలలకి మూగబోయింది. వాట్నీ దాన్ని వెతికి, ఇసుకలోంచి తవ్వి, ఇంటికి లాక్కొస్తాడు. దానికి మాట లేదు, అటూ ఇటూ తిరిగే కెమెరా మాత్రం ఉంది. చుట్టూ అట్టముక్కల మీద అక్షరాలు రాసి పెడితే, భూమి మీదివాళ్ళు కెమెరాని ఒక్కో అక్షరం వైపు తిప్పి జవాబు చెప్పవచ్చు. ఇంగ్లీషు అక్షరాలు 26, ప్రశ్నార్థకం అట్ట ఒకటి, మొత్తం 27. 360 డిగ్రీల్ని 27తో భాగిస్తే ఒక్కో అట్టకి 13 డిగ్రీలు. కెమెరా ఏ అట్ట వైపు చూస్తోందో పోల్చుకోలేనంత ఇరుకు. అప్పుడు కంప్యూటర్లు వాడే 16 గుర్తుల పద్ధతి గుర్తొస్తుంది. 16, ప్రశ్నార్థకంతో 17. ఒక్కోదానికీ 21 డిగ్రీలు. చాలు. ఆ పేజీ చదివినప్పుడు కలిగిన సంతోషం ప్రేమకథల్లో పెళ్ళి కుదిరినప్పుడు కూడా నాకు కలగలేదు. మా అక్క కూతురితో ఈ మాటంటే, "నీకు పెళ్ళెట్లా అయింది మామా" అనింది.

నాకీ నవల ఇంటి మనిషిలా తోచడానికి మరో కారణం ఉంది. ఇది చాలావరకు దినచర్య. ఫలానా రోజు, ఫలానా పని, ఇంత మిగిలింది. తెలుగులో ఇలాంటి రాత మనకి ఎప్పుడో ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య గారని, మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసినాయన, 1830 మేలో మద్రాసు నుంచి కాశీయాత్రకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడుగునా రాసి తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారికి పంపుతూ వచ్చారు, పిళ్ళె గారు దాన్ని 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, అంగళ్ళున్నాయా, దారి గులకరాళ్ళదా, అడవిదా, ఏరు ఎలా దాటాలి, అన్నీ ఉంటాయి. వాట్నీ కూడా చివరి భాగంలో తన బండిలో వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తాడు, ప్రతి మజిలీలోనూ అతని ప్రశ్నలవే. నీళ్ళెన్ని, తిండెంత, రేపటి దారి ఎలాంటిది. వీరాస్వామయ్య గారి వెంట పెద్ద పరివారం ఉంది, బోయీలున్నారు, పల్లకీ ఉంది. వాట్నీ వెంట ఎవరూ లేరు. కాని రాతలో మాత్రం వీరాస్వామయ్య గారిదే పైచేయి అంటాను. ఆయనకి మనుషుల మీద అభిప్రాయాలున్నాయి, విసుగుంది, భక్తి ఉంది, తర్కం ఉంది. వాట్నీకి హాస్యం ఒక్కటే ఉంది.

అది ఈ నవలలోని అసలు లోపం. ఆండీ వీర్‌కి రసాయనాల గురించి తెలిసినంత మనుషుల గురించి తెలియదు. ఏడాదిన్నర పాటు మనిషి ముఖం చూడనివాడు ఒక్క రాత్రైనా పిచ్చెత్తినట్టు కూర్చోడా? ఇతను కూర్చోడు. జోకు వేసి పనిలో పడతాడు. భూమ్మీద ఉన్న నాసా అధికారులందరూ ఒకే గొంతుతో మాట్లాడతారు, పేర్లు తీసేస్తే ఎవరు ఏ మాటన్నారో చెప్పలేం. చదివేటప్పుడు ఆ లోటు తెలియదు, వేగం కప్పేస్తుంది. పరుగు నవలల సుఖమూ అదే, మోసమూ అదే.

సైన్సు తప్పులు కూడా ఉన్నాయి, పెద్దది మొదటి పేజీల్లోనే ఉంది. అంగారకుడి మీద గాలి ఎంత పలచనంటే, దాని పీడనం మన భూమ్మీద ఉన్నదానిలో ఒక శాతం కూడా ఉండదు. అక్కడ ఎంతటి పెనుగాలి వీచినా ఒంటికి పిల్లగాలిలాగే తగులుతుంది. యాంటెన్నాని విరిచి మనిషిని పొడిచే శక్తి దానికి లేదు. ఈ సంగతి తెలిసే అలా రాశానని వీర్ గారే ఒప్పుకున్నారు. కథ మొదలవ్వాలి కదా, ఆ ఒక్క అప్పు క్షమించవచ్చు. రెండోది మట్టి. 2008లో ఫీనిక్స్ అనే నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్లు అనే లవణాల్ని కనిపెట్టింది. అవి మన థైరాయిడ్ గ్రంథికి చేటు. కడగని మట్టిలో పండిన ఉర్లగడ్డలు అన్నాళ్ళు తినడం మంచిది కాదు. ఇలా తప్పులు పట్టుకోవడం కూడా నాబోటి పాఠకుడికి ఒక విందు. నమ్మకంగా లెక్క చూపించినవాడి లెక్కలోనే తప్పు పట్టబుద్ధవుతుంది. కాంతివేగం ఓడల రచయితని ఏమని పట్టుకుంటాం?

వీర్ మొదట ఈ కథని ఒక్కో అధ్యాయంగా తన సొంత వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. చదివినవాళ్ళలో కెమిస్టులు, ఇంజనీర్లు ఉన్నారు. తప్పులు రాసి పంపారు, ఆయన దిద్దుకున్నారు. పుస్తకంగా అడిగినవాళ్ళ కోసం 2011లో అతి చవగ్గా ఈ-పుస్తకం చేశారు, తర్వాత పెద్ద ప్రచురణ సంస్థ వచ్చింది. అంటే మూలంలో ఇది సీరియల్. సీరియల్ వేగం మనకి కొత్త కాదు. ఒకప్పుడు వడపళనిలో అచ్చయ్యే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి మాంత్రికుల సీరియళ్ళ కోసం నెలంతా ఎదురుచూసిన పిల్లలు తిరుత్తణిలోనూ ఉన్నారు. ఒక నెల ముగింపులో లోయ అంచున వేలాడినవాణ్ణి తర్వాతి నెల దాకా అలాగే వేలాడదీసేవారు. ఆ చందమామకి ఏళ్ళ తరబడి కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం వహించారు. ఫిజిక్సు చదివినాయన, సైన్సు మీద వ్యాసాలు రాసినాయన. నిజం పుస్తకానికీ పరుగు కథకీ మధ్య గోడ కట్టింది పాఠకులమే గాని, రచయితలు కాదు.

ఇలాంటి కథలు నాకు తమిళంలోనూ దొరికాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. దానివల్ల మాకొక లాభం జరిగింది. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, అలమరలో రెండూ. తమిళంలో సైన్సు ఫిక్షన్ అంటే సుజాత గారి పేరు ముందు చెప్పాలి. అసలు పేరు రంగరాజన్. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు, మనం ఓటు వేసే యంత్రం తయారీలో ఆయన చెయ్యి ఉంది. 1980లలో ఆనంద వికటన్ వారపత్రికలో 'ఎన్ ఇనియ ఇయందిరా' అనే సీరియల్ రాశారు. 2021 ప్రాంతంలో దేశం ఎలా ఉంటుందో అందులో ఊహించారు. మనుషుల పేర్లకి రెండక్షరాలే. నిలా, శిబి, రవి, మనో. బిడ్డని కనాలంటే సర్కారు అనుమతి. పరిపాలించేవాడు జీవా. పుస్తకాలు చదివే జీనో అనే యంత్రపు కుక్క కూడా ఉంది, కథలో అందరికన్నా బుద్ధిమంతుడు వాడే.

ఆ నవలని ఇప్పుడు మళ్ళీ చదివితే తమాషాగా ఉంది. ఆయన చెప్పిన సంవత్సరం వచ్చింది, పోయింది. భవిష్యత్తు నవల పాత ఖాతా అయిపోయింది, ఇక తనిఖీ చేసుకోవచ్చు. రెండక్షరాల పేర్లు రాలేదు. మనిషికొక నంబరు మాత్రం వచ్చింది. నియంత రాలేదు గాని, కరోనా రోజుల్లో ఈ-పాస్ లేకుండా తిరుత్తణి నుంచి నగరి పోలేకపోయాం. పిల్లనిచ్చిన ఇళ్ళు, పిల్లని తెచ్చుకున్న ఇళ్ళు అటు ఉన్నవాళ్ళు సరిహద్దు దగ్గర ఫోను చూపించి బతిమాలుకున్నారు. సుజాత గారి వేగం వీర్ వేగం లాంటిది కాదు. లెక్క చూపించరు. చిన్న చిన్న వాక్యాలతో తోసుకుపోతారు. అయినా ఒప్పుకోవలసిందే, అంతటి కథనాన్ని మన తెలుగు సైన్సు ఫిక్షన్‌లో నేనింకా చూడలేదు.

ఇక నిజం సంగతి. 'ది మార్షియన్' అచ్చు పుస్తకంగా అంగళ్ళకి వచ్చింది 2014 ఫిబ్రవరిలో. ఆ నెలలో మన మంగళయాన్ దారిలో ఉంది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచింది. శ్రీహరికోటకీ మా తిరువళ్ళూరు జిల్లాకీ మధ్య అడ్డం పులికాట్ సరస్సే. రాకెట్ లేచే రోజున పొన్నేరి, పళవేర్కాడు వైపు జనం మేడలెక్కి చూస్తారు.

మంగళయాన్‌ని తిన్నగా అంగారకుడి మీదికి విసిరే బలం పీఎస్ఎల్వీ రాకెట్‌కి లేదు. అందుకని భూమి చుట్టూ తిప్పుతూ, ఒక్కో చుట్టులో కొంచెం కొంచెం ఎత్తు పెంచుతూ, డిసెంబరు 1న వదిలారు. అక్కణ్ణుంచి 300 రోజుల దాకా దాని పెద్ద ఇంజనుకి పనిలేదు. అన్నాళ్ళు చలిలో నిద్రపోయిన ఇంజను లేస్తుందా? 2014 సెప్టెంబరు 22న నాలుగు సెకన్లు వెలిగించి చూశారు. లేచింది. 24న పొద్దున అసలు పరీక్ష. 24 నిమిషాలు మండాలి. ఆ మధ్యలో నౌక అంగారకుడి చాటుకి పోతుంది, మాట వినపడదు. సంకేతం ఇక్కడికి రావడానికే పన్నెండు నిమిషాలు పడుతుంది, అంటే అక్కడ ఏమైనా అయితే మనకి తెలిసేసరికి అంతా అయిపోయి ఉంటుంది. మండింది, కక్ష్యలో పడింది. మొదటి ప్రయత్నంలోనే అంగారకుడి కక్ష్యకి చేరిన దేశం అప్పటికి మరొకటి లేదు. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నది 2022 దాకా నడిచింది. అయిన ఖర్చు 450 కోట్లు.

ఈ కథలో వాట్నీ లేడు, ఉర్లగడ్డలు లేవు. కాని ఆ నాలుగు సెకన్ల గురించి ఎవరైనా వీర్‌లా రాసి ఉంటే, మా అక్క కూతురు నా ముందు పెట్టే పుస్తకం అదై ఉండేది. మన నిజం పుస్తకాలు రాసేవాళ్ళ మీద నా ఫిర్యాదు ఇదే. ఇంజను మండిందని రాస్తారు. మండకపోతే ఏమయ్యేదో రాయరు.

ఇలాంటి కథకి ఇంకొక ముడిసరుకు మా జిల్లాలోనే, కాళ్ళ కిందే ఉంది. పూండి జలాశయం తెలుసుగదా, తెలుగుగంగ ద్వారా కృష్ణ నీళ్ళు మద్రాసు కోసం వచ్చి చేరే చెరువు. ఆ దగ్గర్లో కొసస్థలియారు పక్కన అత్తిరంపాక్కం అనే చిన్న ఊరుంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మే నెలలో పల్లావరంలో ఒక రాతి పనిముట్టు కనిపెట్టి, అదే ఏడాది సెప్టెంబరులో ఇక్కడ మరికొన్ని చూశాడు. ఆ తర్వాత శాంతి పప్పు గారి బృందం ఇక్కడ ఏళ్ళ తరబడి తవ్వింది. అడుగు పొరల్లోని చేతిగొడ్డళ్ళ వయసు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో ప్రకటించారు. పై పొరల్లో ఉన్న కొత్త రకం పనిముట్లు 3 లక్షల 85 వేల ఏళ్ళవని 2018లో చెప్పారు.

15 లక్షల ఏళ్ళని ఎలా కొలిచారు? అంతరిక్షం నుంచి కిరణాలు భూమి మీద ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయి. రాయి నేల మీద ఉన్నంతకాలం అవి దానిలోని స్ఫటికాలకి తగిలి రెండు రకాల పరమాణువుల్ని పుట్టిస్తాయి, బెరీలియం 10, అల్యూమినియం 26. రాయి మట్టిలో లోతుగా పూడిపోగానే కిరణాలు తగలవు, కొత్త పరమాణువులు పుట్టవు. ఉన్నవి తరుగుతాయి, అల్యూమినియం త్వరగా, బెరీలియం నిదానంగా. రెండిటి నిష్పత్తి చూస్తే ఆ రాయి ఎన్నాళ్ళ కిందట పూడిందో తేలుతుంది. మళ్ళీ తీసివేతే చూశారా! తిరువళ్ళూరు జిల్లా మట్టిలో ఎవడో వదిలేసిన గొడ్డలి వయసు చెప్పింది నక్షత్రాల నుంచి వచ్చిన కిరణాలు. ఆ గొడ్డలి చెక్కినవాడు మన జాతి మనిషి కాదు, అప్పటికి మనం ఇంకా పుట్టనేలేదు. ఏ నక్షత్రం నుంచో ఎవరో దిగొస్తారని నవలలు రాసుకుంటున్నాం. మన జాతి కానివాళ్ళు పూండి పక్కన కాపురమున్నారు, ఏరు పొంగితే మిట్టకి పరుగెత్తారు, రాయి సరిగ్గా పగలకపోతే పారేసి ఇంకొకటి తీసుకున్నారు. పూండిలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, ఆ రాళ్ళు అక్కడ అద్దాల వెనక చూడవచ్చు. రచయితలెవరైనా వింటుంటే ఒకసారి వెళ్ళి చూడండి. లెక్క తప్పకుండా, పరుగు ఆగకుండా, మనుషుల్ని కూడా మరిచిపోకుండా రాస్తే మొదటి ప్రతి నేను కొంటాను.

ఆఖరుగా మా వైపు శ్రోతలకి ఒక మాట. 2006 చట్టం తర్వాత మా బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట, ఊత్తుకోట ఇళ్ళలో ఇప్పటి పిల్లలు చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. దాని మంచిచెడ్డలు ఇవాళ నా విషయం కాదు. ఆ పిల్లలకి చెవులున్నాయి, కథ మీద ఆశ ఉంది. కాబట్టి ఇంగ్లీషులోనో తమిళంలోనో ఇలాంటి నవల చదివినవాళ్ళు, భోజనాల దగ్గర దాన్ని తెలుగులో చెప్పండి. ఆరుగురికి 50 రోజుల తిండి ఉంటే ఒక్కడికి ఎన్ని రోజులొస్తుందో ముందు వాళ్ళనే అడగండి. జవాబు వాళ్ళు చెప్పాకే కథ ముందుకి నడపండి.